గానుగకు వేసిన సీలు, నేను చేయని సంతకం

నా పొలంలో నేను పెంచిన చెరుకును నా గానుగలో ఆడించి బెల్లం చేసుకున్నందుకు నా గానుగకు సర్కారు సీలు వేసింది. నేను దొంగతనం చేయలేదు. ఎవరి గట్టూ జరపలేదు. చెరుకు నాది, గానుగ నాది, పెనం కింద మండిన పిప్పి కూడా ఆ చెరుకుదే. అయినా తప్పు నాదని రాసి, ఆ కాగితం నా చేతిలోనే పెట్టి వెళ్లారు.

ఇది డెబ్భై ఆరో సంవత్సరం మాట. అప్పటి నుంచి ఈ నాలుగు మాటలూ ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. టీ హోటల్లో చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్నవాడికి చెప్పాను, పెళ్లి పందిట్లో విస్తరి ముందు కూర్చుని చెప్పాను. మొదటిసారి విన్నవాడు అయ్యో అనేవాడు. రెండోసారి విన్నవాడు బీడీ వెలిగించుకునే నెపంతో లేచిపోయేవాడు. ఇప్పుడు చెప్పబోతే నాకే అలుపు వస్తోంది. కానీ ఇన్నేళ్లుగా చెప్పకుండా దాటేసిన భాగం ఒకటి ఉంది. అది చెప్పాలంటే ఇది మళ్లీ ఎత్తుకోక తప్పదు.

మాది బాన్సువాడకు దగ్గర్లోనే కాలువ కింది ఊరు. నేను బడిలో చదివింది నాలుగు తరగతులు, అదీ ఉర్దూలో. ఆ తర్వాత నిజాం పోయాడు, మా నాయనా పోయాడు, నాకు నాగలి వచ్చింది. తెలుగు నా అంతట నేను నేర్చుకున్నదే. దుకాణంలో పొట్లాలు కట్టి ఇచ్చిన కాగితాలను విప్పి, చదును చేసి, కూడబలుక్కుని చదివేవాణ్ని. సగం వార్త ఉండేది, మిగతా సగం ఇంకెవరి ఇంటి పప్పు పొట్లంగానో పోయి ఉండేది. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలని పిల్లలు బడులు వదిలి రోడ్ల మీదికి వచ్చిన ఏడాది నాకు ముప్పై దాటాయి. అప్పటికి బస్టాండు దగ్గర హోటల్లో బల్ల మీద కూర్చుని పదిమందికి పేపరు పైకి చదివి వినిపించేంత అక్షరం వచ్చింది.

మనల్ని ఎవరు ఏలాలి అని అందరూ కొట్లాడుకుంటున్న ఆ రోజుల్లో నా బుర్రకు ఇంకో ప్రశ్న పట్టుకుంది. అసలు ఒకడు ఇంకొకణ్ని ఎందుకు ఏలాలి? నేను ఎవరి జోలికీ పోనప్పుడు నా జోలికి ఎవరైనా ఎందుకు రావాలి? ఈ ఆలోచనకు ఒక పేరుందని, దూరదేశాల్లో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు దాని మీద లావుపాటి పుస్తకాలు రాశారని చాలా కాలం తర్వాత ఎవరో చెప్పారు. నాకు మాత్రం అది నా పొలంలో మొలిచినట్టే మొలిచింది.

ఇక ఆనాటి నుంచి నాకు కనిపించినదల్లా పెత్తనమే. నా ధాన్యంలోంచి లెవీ అని ఇన్ని బస్తాలు, వాళ్లు చెప్పిన ధరకు, వాళ్లకే ఇవ్వాలి. నేను కొన్న రేడియోలో, గాలిలో వచ్చే పాటను, మా అరుగు మీద కూర్చుని వినడానికి పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు కట్టాలి. పక్క రాష్ట్రం ఎంతో దూరంలో లేదు, అక్కడి సంతలో ఎక్కువ ధర పలుకుతుందని తెలిసినా బండి అటు తోలితే చెక్‌పోస్టు. ఇవన్నీ హోటల్లో కూర్చుని తిట్టేవాణ్ని. నన్ను వెనకాల ‘నా ఇష్టం పటేల్’ అనేవారు. కొన్నాళ్లకు ముందరే అనడం మొదలుపెట్టారు. నాకు కోపం రాలేదు. లోపల కాస్త గర్వంగానే ఉండేది.

పైసల సంగతుల్లోనే కాదు, అన్నింట్లోనూ అదే మాట మీద ఉన్నానని అనుకునేవాణ్ని. తాగేవాణ్ని తాగనివ్వండి, వాడి పేగులు వాడివి అనేవాణ్ని. వేరే కులాల పిల్లా పిల్లవాడూ ఇష్టపడి వెళ్లిపోతే పంచాయితీ పెట్టారు. అందులో వాళ్ల పక్కన మాట్లాడింది నేనొక్కణ్నే. ఇద్దరూ ఎదిగినవాళ్లు, వాళ్ల బతుకు వాళ్లది, మధ్యలో మనకేం పని అన్నాను. ఆరు నెలలు మా వాళ్లెవరూ మా ఇంట్లో నీళ్లు తాగలేదు. అప్పుడూ గర్వంగానే ఉండింది.

అక్షరం రానివాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టడం కూడా అప్పుడే అలవాటైంది. పట్టా మార్పు, కాలువ తూము, ముసలివాళ్ల పింఛను, ఏదైనా సరే. లంబాడీ తండాల వాళ్లు నస్రుల్లాబాద్ వైపు నుంచి కూడా నడిచి వచ్చేవాళ్లు. ఒక్క పైసా తీసుకోలేదు. సర్కారును నాలుగు మాటలు అనే అవకాశమే నాకు కూలి.

ఆ హోటల్లో నాకు సరిజోడు ఒకాయన ఉండేవాడు, రిటైరైన పంతులు. సార్ అనే పిలిచేవాణ్ని. నేను చెప్పినదల్లా ఓపికగా విని, టీ చివరి గుక్క తాగాక ఒక మాట అనేవాడు. ఆ మాటతో నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. చెరుకు నాదే అంటున్నావు సరే, దానికి పెట్టిన నీళ్లు ఎవరివి అని ఒకసారి అడిగాడు. కాలువ, దానికి నీళ్లిచ్చే డ్యాము సర్కారువి. కట్టించింది నిజాం, గేట్లు ఎత్తేది ఉద్యోగి. నేను నీటి పన్ను కడుతున్నానని చెప్పాను. కట్టిన పన్నుతో ఆ డ్యాములో ఒక్క రాయైనా వస్తుందా అని నవ్వాడు.

ఇంకోసారి ఇంతకన్నా గట్టిగా తగిలింది. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. చెరుకు కోతలకు ముందు రైతులం ఒకచోట కూర్చుని, కోసేవాళ్లకు ఈ ఏడు ఇంత అని ఒకటే కూలి ఖాయం చేసుకునేవాళ్లం. ఎవరూ దాని మీద పైసా ఎక్కువ ఇవ్వకూడదు. ఇచ్చినవాణ్ని అందరూ కలిసి ఆడిపోసుకునేవాళ్లు. ఒక ఏడాది తండా నుంచి వచ్చిన కోతమనుషులు, మహారాష్ట్ర వైపు ఎక్కువ ఇస్తున్నారు, అటు వెళ్తామన్నారు. నేను కూడా ఆ కూటంలో కూర్చుని, వెళ్లడానికి వీల్లేదని చెప్పినవాణ్నే. సార్‌కు ఈ సంగతి ఎలా తెలిసిందో.

‘‘పటేలా, నీ చెరుకు నీ ఇష్టమొచ్చిన కాడ అమ్ముకుంటనంటవ్. ఆళ్ల రెక్కలు ఆళ్ల ఇష్టమొచ్చిన కాడ అమ్ముకుంటె నీకేం నొప్పి?’’

అది వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరో చెప్పమన్నాడు. టీ చల్లారిందని హోటలువాడి మీద అరిచి లేచి వచ్చేశాను. ఆ తర్వాత నాలుగు రోజులు పేపరు చదవడానికి వెళ్లలేదు.

ఇప్పుడు గానుగ సంగతి.

చెరుకు వేయడం నాకు కొత్త. ఫ్యాక్టరీ తరఫున ఒకతను వచ్చి విత్తనపు ముక్కలు ఇస్తాం, ఎరువు ఇస్తాం, పంట మేమే కొంటాం అన్నాడు. హోటల్ బల్ల మీదే కాగితం పరిచాడు. ఊరందరి కాగితాలూ చదివి పెట్టే నేను ఆ కాగితం చదవలేదు. అక్షరాలు సన్నగా ఉన్నాయి, అతను బస్సుకు తొందరపడుతున్నాడు, పదిమందీ చూస్తున్నారు, సంతకం చేసేశాను. చేస్తున్నప్పుడు కలం బాగా రాస్తోందని అనుకున్నట్టు కూడా గుర్తు. ఆ కాగితంలో ఉన్నదేమిటంటే, చెరుకు మొత్తం ఫ్యాక్టరీకే తోలాలి, ఫ్యాక్టరీ నడిచే నెలల్లో అనుమతి లేకుండా ఆ ప్రాంతంలో ఇంజను గానుగ తిప్పకూడదు. రెండో ముక్క కాగితంలో లేకపోయినా సర్కారు ఉత్తర్వు ఎలాగూ ఉంది.

రెండేళ్లు బాగానే నడిచింది. ఆ ధైర్యంతోనే వర్ని వైపు స్థిరపడ్డ ఒక ఆంధ్రా రైతు దగ్గర పాత గానుగ, డీజిలు ఇంజను కొన్నాను. ఫ్యాక్టరీ సీజను అయ్యాక మిగిలిన గడలు ఆడించుకోవచ్చని ఆశ. మూడో ఏడాది కోతకు అనుమతి రాలేదు. చెరుకు కోయాలన్నా ఫ్యాక్టరీ చీటీ పంపాలి. అది వస్తేనే కొడవలి పట్టాలి. సంక్రాంతి పోయింది, మాఘం వచ్చింది, పొలం పూత తీసింది. పూతకొచ్చిన చెరుకు రోజురోజుకూ లోపల బెండు బారుతుంది. గడ పైకి పచ్చగానే ఉంటుంది, ఎత్తి చూస్తే తేలిక. చీటీ కోసం నాలుగుసార్లు తిరిగాను. పెద్దవాళ్ల చెరుకు ముందు పోయింది, నాది పొలంలోనే ఉంది. ఐదోసారి తిరగకుండా ఇంజను స్టార్టు చేశాను.

గానుగ తిరిగితే వాసన దాగదు. మొదటి పెనం దిగేసరికే చుట్టుపక్కల వాళ్లు చెంబులు పట్టుకుని వచ్చారు. గానుగ దగ్గరికి వచ్చినవాణ్ని వట్టి చేతులతో పంపకూడదన్నది మా వైపు పద్ధతి. రసం అడిగితే రసం, వేడి బెల్లం అడిగితే ఆకులో పెట్టి ఇంత ముద్ద. ఎవరు చెప్పారో తెలియదు, నాలుగో రోజు పొద్దున చెరుకు ఇన్‌స్పెక్టరు ఇద్దరు మనుషులతో వచ్చాడు. గానుగ ఆపమన్నాడు. చెరుకు నలిపే రోళ్ల చుట్టూ తెల్లగుడ్డ చుట్టించి, తాడు బిగించి, లక్క కరిగించి ముడి మీద ముద్ర కొట్టాడు. అప్పటికి పెనంలో పాకం ముదురుతోంది. దాన్ని పారబోయమంటాడేమో అనుకున్నాను. లేదు, అది దిగేదాకా ఆగాడు. ఆ మాత్రం మంచివాడే.

పాకం దించాక నా భార్య వేడి బెల్లం మోదుగాకులో పెట్టి తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. సీలు వేసినవాడికి బెల్లం పెడతావా అన్నాను.

‘‘గానుగ కాడికొచ్చినోనికి లేదంటమా? ఆయన పని ఆయన చేసిండు,’’ అంది.

అతను ఊదుకుంటూ తిన్నాడు. బాగుందని కూడా అన్నాడు.

ఆ వారమే మొదటి దరఖాస్తు రాశాను. అందరికీ రాసినట్టు సవినయంగా మొదలుపెట్టలేదు. ఒకటే ప్రశ్న రాశాను. నా పొలంలో పండిన చెరుకు నాదా, సర్కారుదా? నాదైతే సీలెందుకు, సర్కారుదైతే శిస్తు నేనెందుకు కట్టాలి? దీనికి అవును కాదు అని జవాబు ఇవ్వవలసిందని రాశాను. జవాబు రాలేదు. రెండోది పై ఆఫీసుకు రాశాను, మూడోది దాని పై ఆఫీసుకు. ఎమర్జెన్సీ రోజులు. మూడో దరఖాస్తు చూసిన సార్ భయపడ్డాడు. ఇలాంటివి ఇప్పుడు రాయొద్దు పటేలా అని మొదటిసారి వాదించకుండా చెప్పాడు.

ఒకరోజు ఇన్‌స్పెక్టరు ఆఫీసుకే వెళ్లి నా ప్రశ్న నోటితో అడిగాను. అతను తలెత్తకుండానే అన్నాడు: ‘‘చెరుకు నీదే పటేలా. ఎవరు కాదన్నరు? కని కాయితం మీద దస్కత్ గూడ నీదే గద.’’

మాట ఇస్తే మాట మీద ఉండాలన్నది నేను రోజూ అరిచే మాటే. ఇద్దరు ఇష్టపడి రాసుకున్న కాగితానికి విలువ లేకపోతే ఇక సర్కారు లేకుండా లోకం ఎలా నడుస్తుంది? కానీ ఫ్యాక్టరీవాళ్లు సమయానికి చీటీ పంపాలని ఆ కాగితంలో ఎక్కడా లేదే అన్నాను. నేను వాళ్లకు కట్టుబడి ఉండాలి, వాళ్లు నాకు కట్టుబడి ఉండనక్కర్లేదు. ఈ మాట ఈరోజుకీ అంటాను. ఎన్ని తప్పులు నా వైపు ఉన్నా ఇది మాత్రం వాళ్ల తప్పే.

అంత చెప్పి లేవబోతుంటే ఇన్‌స్పెక్టరు కూర్చోమన్నాడు. గుమాస్తాను బయటికి పంపాడు. గొంతు తగ్గించాడు.

‘‘సూడు పటేలా, మా మీద గూడ పైనుంచి ఒత్తిడి ఉన్నది. నాకేమన్న షోకా? మీ ఇంట్లకెళ్లి ఒక్క ఆపరేషన్ కేసు రాయించు. నువ్వైతె నువ్వు, మీ ఇంటామె అయితె ఇంటామె. సర్టిఫికెట్ పట్టుకొని రా, తెల్లారి సీలు తీయిస్త.’’

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను. ఆ రోజుల్లో ఏ ఆఫీసుకు ఏ పని మీద వెళ్లినా ఆ సర్టిఫికెట్ సంగతి ఎత్తుతున్నారని చెప్పుకునేవారు. విన్నప్పుడు నమ్మలేదు. కుర్చీ వెనక్కి పడేటట్టు లేచాను. నా చెరుకు చాలక నా ఇంట్లోవాళ్ల ఒళ్లు కూడా కావాలా మీకు అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్లందరికీ వినపడింది. అతను ముఖం దించుకున్నాడు. ఊరికి వచ్చేదాకా ఒక్కణ్నే మాట్లాడుకుంటూ నడిచాను.

ఇక్కడిదాకా చెప్పినప్పుడు వినేవాళ్లు ఎప్పుడూ నా పక్షమే. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. నేను ఎప్పుడూ ఇక్కడే ఆపేవాణ్ని.

మిగతాది ఇది. ఇన్‌స్పెక్టరు ఆ మాట అనడానికి రెండు నెలల ముందే, గానుగకు సీలు పడకముందే, నా భార్య ఆ ఆపరేషను చేయించుకుంటానని నన్ను అడిగింది.

అప్పటికి ఆమెకు ఆరు కాన్పులు. నలుగురు మిగిలారు. ఆఖరి కాన్పులో రెండు రోజులు ఒంట్లో రక్తం నిలవలేదు. దవాఖానలో డాక్టరమ్మ, ఇంకో కాన్పు అయితే నాకు పూచీ లేదమ్మా అని ఆమెకు చెప్పింది. నాకు కాదు, ఆమెకు. నర్సమ్మ ఒక ఫారం ఇచ్చి, కింద భర్త సంతకం కావాలంది. ఆ ఫారాన్ని ఆమె పెట్టెలో పెళ్లి చీర మడతలో పెట్టుకుంది. ఒకరోజు పొద్దున నేను అన్నం తిని చేయి కడుక్కున్నాక తెచ్చి నా ముందు పెట్టింది. దస్కత్ పెట్టు అని మాత్రమే అంది. చూద్దాం లే అన్నాను. వారం ఆగి మళ్లీ అడిగింది. పంట పని కానీ అన్నాను.

ఎందుకు అలా అన్నానో ఇప్పుడు దాచి లాభం లేదు. సిద్ధాంతం ఏమీ లేదు. ఉన్న నలుగురిలో మగపిల్లవాడు ఒక్కడే, ఇంకొకడుంటే బాగుండునని నా మనసులో ఉంది. అంతే. పేగులు ఎవరివి వాళ్లవని ఊరందరికీ చెప్పినవాణ్ని. నా పక్కన ఉన్న మనిషి కడుపు ఎవరిదని నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

ఆఫీసులో అరిచి వచ్చిన రోజు ఆమెకు అంతా చెప్పాను. ఆమె కూడా మండిపడుతుందనుకున్నాను. పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె కాలుస్తోంది. రొట్టె తిరగేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, లోపలికి వెళ్లి ఆ ఫారం తెచ్చింది.

‘‘ఆయన అనకముందు నేనడిగిన. గా ముచ్చట మర్చిపోయినవా?’’

మరిచిపోలేదు. కానీ ఇప్పుడెలా పెట్టను అన్నాను. ఇప్పుడు సంతకం పెడితే గానుగ కోసం పెళ్లాన్ని పంపాడంటారు. ఇన్‌స్పెక్టరు గెలుస్తాడు. సర్కారు ఇంట్లోకి వచ్చినట్టే. ఇది నీ సంగతి కాదు, నీతికి సంబంధించిన సంగతి అన్నాను. నిజంగానే ఆ మాట అన్నాను. ఇంకో డాక్టరు దగ్గరికి, నిజామాబాదుకు, ఎవరికీ తెలియకుండా తీసుకెళ్లవచ్చు. ఆ సర్టిఫికెట్‌ను చించేయవచ్చు, గానుగకు సీలు అలాగే ఉండనివ్వవచ్చు. అప్పుడు ఇన్‌స్పెక్టరు ఎలా గెలుస్తాడు? ఇంత చిన్న ఉపాయం నాకు తట్టలేదు. తట్టకూడదనే నా బుద్ధి తలుపు వేసుకుని కూర్చుందేమో. కొడుకు మీద ఆశ ఒక్కసారిగా నీతిగా మారి బయటికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు నాకు అన్యాయం చేశాడో, నాకు కావలసిన సాకు ఇచ్చాడో ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ చేశాడు.

ఆమె మళ్లీ అడగలేదు. ఫారం ఏమైందో నేను అడగలేదు.

చెరుకుకు చీటీ ఎండాకాలంలో వచ్చింది. కోసి తోలాను. బండ్లు తేలిగ్గా కదిలాయి. ఆ ఏడు బెల్లం లేదు. గానుగ పాకలో అలాగే ఉంది. వానలకు గుడ్డ పచ్చబడింది, లక్క పగిలింది, అయినా నేను ముట్టుకోలేదు. సర్కారు వేసింది సర్కారే తీయాలని పట్టుదల. దరఖాస్తులు మాత్రం ఆపలేదు. మొత్తం ఏడు రాశాను.

డెబ్భై ఏడులో ఢిల్లీలో సర్కారు మారింది. ఎన్నికల ఫలితాలు హోటల్లో నేనే పైకి చదివాను. సార్ మిఠాయి తెప్పించాడు. అప్పుడు నా భార్యకు నాలుగో నెల. నేను ఆ మిఠాయి పొట్లం కట్టుకుని ఇంటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, పీడ వదిలింది అన్నాను. ఆమె పిల్లలకు పంచిపెట్టింది.

ఆ కాన్పు గురించి ఎక్కువ రాయలేను. వానాకాలం, కాలువ గట్టు తెగి దారి బురద. ఎడ్లబండి మీద దవాఖానకు చేర్చేసరికి మధ్యాహ్నమైంది. బండి వెనక నడుస్తూ దారి పొడుగునా నేను ఎవరినో తిడుతూనే ఉన్నాను. గట్టు వేయని ఇంజనీరునా, రోడ్డు వేయని సమితినా, గుర్తులేదు. బిడ్డ దక్కలేదు. మగపిల్లవాడే. ఆమె బతికింది. బతికిందంటే, లేచి తిరిగింది, వండింది, నాట్లకు మాత్రం మళ్లీ వంగలేకపోయింది. అక్కడ వరండాలో ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. ఆపరేషను చేయకపోతే లాభం లేదన్నారు. పెట్టాను. ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరి సర్టిఫికెట్టూ కాదు. అంత తేలికైన సంతకం.

గానుగ సీలు ఎలా పోయిందో కూడా చెప్పాలి. ఆ ఏడు చలికాలంలో ఆఫీసు జవాను ఒకడు సైకిలు మీద వచ్చాడు. ఇన్‌స్పెక్టరుకు బదిలీ అయిందట, కొత్తాయన ఇవన్నీ తీసేయమన్నాడట. కాగితం ఏదిరా అంటే లేదన్నాడు. కుళ్లిన గుడ్డను చేత్తో లాగేసి, ఎవరన్నా అడిగితే ఎలుకలు కొరికాయని చెప్పు పటేలా అని, రసం లేదా అని అడిగి, లేదంటే నవ్వుతూ వెళ్లిపోయాడు. అంత రోషంగా కాపాడిన నా హక్కు అలా తిరిగి వచ్చింది. మరుసటి ఏడాది పోస్టులో ఒక కార్డు అందింది. తమరి దరఖాస్తు అందినది, విషయము పరిశీలనలో ఉన్నది. సంతకం చదవడానికి వీల్లేకుండా ఉంది. చెరుకు నాదో కాదో అందులో లేదు.

గానుగ తిప్పాను, కొన్నేళ్లు. రుచి తెలియలేదు. తర్వాత పెద్ద కొడప్‌గల్ వైపు ఎవరికో అమ్మేశాను. దరఖాస్తులు రాసిపెట్టడం మాత్రం మానలేదు. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడాది జనం మరీ ఎక్కువయ్యారు. ఏ ఊరు ఏ ఆఫీసు కిందికి పోయిందో ఎవరికీ తెలియదు. పొద్దున్నే మా వాకిట్లో పది పన్నెండు మంది కూర్చునేవాళ్లు. ఆమె వాళ్లందరికీ నీళ్లు ఇచ్చేది.

ఆ రోజుల్లోనే సార్ పోయాడు. పోవడానికి ముందు చూడటానికి వెళ్తే, నీ మాట తప్పు కాదు పటేలా, నువ్వు దాన్ని గడప దాకా తెచ్చి చెప్పులతో పాటు బయట విడిచిపెడతవు, గంతే నా ఫిర్యాదు అన్నాడు. ఆయనకు మా ఇంటి సంగతి ఏమీ తెలియదు. కూలి కూటం గురించి అన్నాడనుకుంటా. కానీ ఆ మాట తర్వాత కొన్ని నెలలు నాకు నిద్ర సరిగా పట్టలేదు. స్వేచ్ఛ అని నేను ఇన్నేళ్లు అరిచిందంతా నా ఒక్కడి స్వేచ్ఛేనా? అలా అయితే అది సిద్ధాంతం కాదు, మొండితనం. లేదు, మాట సరైనదే, మనిషే చాలలేదు అని కూడా అనిపించేది. ఇలా ఎటూ తేలని వాదన ఒక్కణ్నే చేసుకుంటూ అలిసిపోయాను.

చివరికి ఆమెనే అడగాలనుకున్నాను. అడగడానికి ధైర్యం రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఒక ఆదివారం, దరఖాస్తుల వాళ్లు లేని పూట. ఆమె వాకిట్లో చాట పట్టుకుని కందులు చెరుగుతోంది. నేను అరుగు మీద కూర్చున్నాను. ఆనాడు నేను సంతకం పెట్టనిది నీ మీద పెత్తనం చేయాలని కాదు, సర్కారు పెత్తనానికి లొంగకూడదని అని మొదలుపెట్టాను. ఆమె చాట ఆపలేదు. అది కూడా పూర్తి నిజం కాదు, కొడుకు మీద ఆశ కూడా ఉంది అన్నాను. ఆమె చాట ఆగింది. నీకు అన్యాయం జరిగిందని నాకు తెలుసు, అయితే ఇన్నేళ్లలో నువ్వు ఒక్క మాటైనా ఎందుకు అనలేదు, ఎందుకు అడగలేదు అన్నాను. తప్పు మళ్లీ ఆమె మీదికే తోస్తున్నానని అన్నాక గానీ నాకు తట్టలేదు.

ఆమె చాటలో రాళ్లు ఏరి పక్కన పెట్టింది. తలెత్తి నా వైపు చూసింది. కోపం లేదు. ఎవరో బాటసారి దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది.

‘‘ఊళ్లె ఎవలకు అన్యాలమైనా నీ కాడికొచ్చి కాయితం రాయించుకుంటరు. నీ మీద రాయించాలంటె నేను ఎవలి కాడికి వోవాలె?’’